అంతరిక్ష కథలో యోధుణ్ణి పడగొట్టి మళ్ళీ నిలబెట్టడం ఎలా? సమగ్ర మార్గదర్శి

నెల్లూరు, కావలి, ఒంగోలు వైపు నుంచి నాకు కథలు పంపే కుర్రవాళ్ళు ఈ మధ్య స్పేస్ ఒపేరాలు, అంటే అంతరిక్షంలో జరిగే సాహస కథలు, ఎక్కువగా రాస్తున్నారు. నౌకలు, గ్రహాలు, యుద్ధాలు బాగానే కుదురుతున్నాయి. చిక్కంతా ఒక్కచోటే. గొప్ప యోధుడొకడు ఘోరమైన తప్పు చేస్తాడు. చివర్లో తన నౌకని శత్రు నౌక మీదికి తోలి చనిపోతాడు. అందరూ దణ్ణం పెడతారు. చదివినవాళ్ళకి మాత్రం ఏమీ అనిపించదు. ఎక్కడ చెడిందో చెప్పమని అడుగుతారు.

ఒక్కొక్కరికీ విడివిడిగా రాసిన జవాబుల్ని ఇక్కడ వరసలో పెడుతున్నాను. ఉదాహరణ కోసం ఒకే కథని మొదటి నుంచి చివరిదాకా కట్టుకుంటూ వెళ్దాం. మన యోధుడి పేరు పెంచలయ్య. ఉండేది శనిగ్రహం చుట్టూ తిరిగే ఎన్సెలాడస్ అనే మంచు చంద్రుడి మీద. అక్కడికి వలసపోయిన మనవాళ్ళు మంచు తవ్వి నీళ్ళు చేసి పంచుకుంటూ బతుకుతుంటారు. రెండు ఊళ్ళు: కొత్త మైపాడు, కొత్తపట్నం.

1. రాయడానికి ముందు తేల్చుకోవాల్సింది: ఓడాడా, తప్పు చేశాడా?

ఈ ఒక్క ప్రశ్నకి జవాబు తేల్చుకోకుండా మొదలుపెట్టడం వల్లే పదిలో తొమ్మిది కథలు చెడుతున్నాయని నా నమ్మకం. రెండూ పతనాలే. కానీ లేచే దారులు వేరు.

ఖడ్గ తిక్కన కథ మన జిల్లాలో చాలామందికి తెలుసు. నెల్లూరు రాజు మనుమసిద్ధి తరఫున, పుల్లరి (పశువుల మేతకి కట్టే పన్ను) గొడవలో, కాటమరాజు మీద యుద్ధానికి వెళ్తాడు. సైన్యం దెబ్బతింటే ఇంటికి తిరిగొస్తాడు. భార్య ఆయన స్నానానికి ఆడవాళ్ళకి పెట్టినట్టు మంచం అడ్డం పెట్టి పసుపు ముద్ద ఉంచుతుంది. తల్లి విరిగిన పాలు పోస్తుంది. తిక్కన మళ్ళీ యుద్ధానికి వెళ్ళి అక్కడే ప్రాణం విడుస్తాడు. ఇది ఓటమి కథ. దాని గాయం సిగ్గు. వెనక్కి వెళ్ళి పోరాడితే సిగ్గు పోతుంది.

అశ్వత్థామ సంగతి అలా కాదు. మన నెల్లూరు కవి తిక్కన సోమయాజి తెలుగు చేసిన సౌప్తిక పర్వంలో, అర్ధరాత్రి శిబిరంలో జొరబడి నిద్రపోతున్న ఉపపాండవుల్ని చంపుతాడు. ఇది తప్పు కథ. దాని గాయం అపరాధం. మరో యుద్ధం గెలిచినంత మాత్రాన అది పోదు. పుట్టుకతో వచ్చిన శిరోమణిని ఆయన ఇచ్చేయాల్సి వచ్చింది. ఈ మణి మాట గుర్తుపెట్టుకోండి, ఆరో భాగంలో మళ్ళీ పని పడుతుంది.

మీ కథ ఏదో ఇలా తేల్చుకోండి:

- మీ యోధుడి వల్ల నష్టపోయింది ఎక్కువగా అతని పరువేనా? అయితే ఓటమి కథ.
- అతని చేతిలో, పోరాటంతో సంబంధం లేనివాళ్ళు చనిపోయారా? అయితే తప్పు కథ.
- తప్పు కథకి ఓటమి కథ ముగింపు తగిలించారా? శత్రు నౌకని గుద్ది చనిపోయే ముగింపు అచ్చంగా అదే.

పెంచలయ్యది తప్పు కథ. ఇక్కడి నుంచి చెప్పేదంతా తప్పు కథ గురించే.

2. మనిషిని తయారు చేసుకోండి

ఒక కాగితం మీద మూడే వాక్యాలు రాయండి. అతనికి పుట్టుకతో వచ్చిన ప్రతిభ ఏమిటి? లోపల మానని గాయం ఏమిటి? ఏ పని అతనికి అస్సలు చేతకాదు? ఈ మూడూ ఒకే వేరు నుంచి రావాలి. విడివిడిగా ఉంటే కథ మధ్యలో ముక్కలైపోతుంది.

పెంచలయ్య ప్రతిభ: చేతి వేగం. ఎదుటి నౌక కదలకముందే అతని వేలు మీట మీద ఉంటుంది.

గాయం: పన్నెండేళ్ళప్పుడు మంచు సొరంగం పగిలింది. తమ్ముడు లోపల ఉన్నాడు. "ఆగరా, లోపలికి పోబాక" అన్నాడు నాయన. ఆగాడు. తమ్ముడు తిరిగి రాలేదు.

చేతకానిది: ఆగడం. ఆగితే ఎవరో ఒకరు చనిపోతారని అతని ఒళ్ళంతా నమ్ముతుంది.

ఈ మూడూ కుదిరితే సగం కథ దానంతట అదే నడుస్తుంది. ప్రతిభని వర్ణించకండి, పక్కవాళ్ళ చేత చూపించండి. బండలాగుడు పోటీల్లో మంచి ఒంగోలు గిత్తని చూడాలంటే గిత్త వంక కాకుండా పక్క జత యజమాని ముఖం వంక చూడాలి. పెంచలయ్య గురి ఎంత గొప్పదో అతనితో పోటీపడే గన్నర్ మౌనంలో తెలియాలి.

3. లోకం: ఒక్కచోటు ఎంచుకుని దాని లెక్కలకి కట్టుబడండి

స్పేస్ ఒపేరాలో ఊహకి హద్దు లేదని పది గ్రహాలు తిప్పుతారు. వద్దు. ఒక్కచోటు చాలు. ఎన్సెలాడస్ గురించి తెలిసిన లెక్కలు ఇవి:

- అడ్డకొలత దాదాపు 500 కిలోమీటర్లు.
- గురుత్వం భూమి మీద ఉన్నదానిలో నూటికి ఒక వంతు కన్నా కొంచెం ఎక్కువ. ఇక్కడ 70 కిలోలు తూగే మనిషి అక్కడ 800 గ్రాములు తూగుతాడు.
- సూర్యోదయం నుంచి మళ్ళీ సూర్యోదయానికి దాదాపు 33 గంటలు.
- పైన చలి సున్నాకి 200 డిగ్రీలు కింద.
- దక్షిణ ధ్రువం దగ్గర పగుళ్ళలోంచి నీటి ఆవిరి, మంచు పొడి ఎగజిమ్ముతాయి. కాసినీ నౌక 2005లో దీన్ని కనిపెట్టింది.
- అక్కడి నుంచి భూమికి రేడియో మాట చేరడానికి దాదాపు గంటా పది నిమిషాల నుంచి గంటన్నర దాకా పడుతుంది. ప్రశ్న పోయి జవాబు రావాలంటే దానికి రెట్టింపు.

ఈ జాబితాని కథలో అలాగే దింపకండి. ప్రతి లెక్కనీ ఒక మనిషి కష్టానికి ముడిపెట్టండి. మనకి కావాల్సింది చివరి లెక్క. ఆగడం చేతకాని మనిషిని, జవాబు కోసం రెండున్నర గంటలు ఆగాల్సిన చోట పెట్టాం. ఇక పతనానికి విలన్ అక్కర్లేదు.

శబ్దం విషయంలో చాలామంది తప్పులో కాలేస్తారు. గాలి లేనిచోట పేలుడు వినపడదు. శ్రీహరికోట ప్రయోగాన్ని దూరం నుంచి చూసినవాళ్ళకి ఇది సులభంగా అర్థమవుతుంది. 20 కిలోమీటర్ల దూరంలో ఉంటే ముందు మంట కనపడుతుంది, దాదాపు నిమిషానికి గానీ ఉరుము రాదు. ఆ నిమిషం ఎప్పటికీ పూర్తికాకపోతే ఎలా ఉంటుందో, అంతరిక్షంలో పేలుడు అలా ఉంటుంది.

కిటికీలోంచి కనిపించే చీకటిని వర్ణించాలంటే ఒకసారి చీమకుర్తి వెళ్ళండి. పాలిష్ పట్టిన బ్లాక్ గెలాక్సీ అనే నల్ల గ్రానైట్ పలక ముందు నిలబడి తల అటూ ఇటూ కదపండి. బంగారు చుక్కలు కొన్ని వెలుగుతాయి, కొన్ని ఆరిపోతాయి. అంతరిక్షంలో గాలి లేదు కాబట్టి చుక్కలు మిణుకుమనవు, కదలకుండా ఉంటాయి. ఆ తేడా మీ కళ్ళకి పట్టాక రాస్తే వాక్యంలో ప్రాణం ఉంటుంది.

4. పతనం: ఒక్క దెబ్బతో కాదు, మెట్టు మెట్టుగా

మంచివాడు ఒక్క రోజులో పాడైపోతే పాఠకుడు నమ్మడు. ఈ వరస పాటించండి:

మొదటి మెట్టు, తప్పుకి మెప్పు. పెంచలయ్య ఉత్తర్వు రాకముందే కాల్చి ఒక నౌకని కాపాడతాడు. కొత్త మైపాడంతా పండగ చేస్తుంది. నియమం తప్పినందుకు తిట్టాల్సిన పెద్దాయనే దండ వేస్తాడు.

రెండో మెట్టు, ఎవరికీ తెలియని పొరపాటు. మరోసారి తొందరపడతాడు. ఖాళీ బండి ఒకటి ముక్కలవుతుంది. స్నేహితుడు చిట్టాలో రాళ్ళు తగిలాయని రాస్తాడు. పెంచలయ్య ఏమీ మాట్లాడడు. ఈ సన్నివేశం చిన్నదే అయినా వదిలేయకండి. పెద్ద తప్పుకి తలుపు తెరుచుకునేది ఇక్కడే.

మూడో మెట్టు, అసలు ఘటన. రేడియో పలకని బండి ఒకటి వస్తుంటుంది. కాల్పులకి అనుమతి భూమి నుంచే రావాలి. "కాల్చమంటారా?" అని అడుగుతాడు. తొమ్మిది నిమిషాలు ఆగుతాడు. తమ్ముడు గుర్తొస్తాడు. కాలుస్తాడు.

నాలుగో మెట్టు, నిజం తెలియడం. అది కొత్తపట్నం నీళ్ళ బండి. రేడియో చెడిపోయింది, అంతే. లోపల 41 మంది. అంతా అయిపోయిన చాలాసేపటికి భూమి నుంచి జవాబు వస్తుంది: "ఆగండి. అది మన బండే."

నాలుగో మెట్టులో ఏడుపులు, కేకలు పెట్టకండి. జవాబు వచ్చినప్పుడు అతను ఏం పని చేస్తున్నాడో అది మాత్రం రాయండి. చేతులు కడుక్కుంటున్నాడా, గ్లౌజు విప్పుతున్నాడా, పక్కవాడితో నవ్వుతూ మాట్లాడుతున్నాడా. ఆ పని మధ్యలో ఆగిపోవాలి.

ఇంకో మాట. గాయం తప్పుకి కారణం కావచ్చు గానీ సాకు కాకూడదు. "పాపం, తమ్ముడు పోయాడు కదా" అని కథలో ఎవరైనా అతన్ని వెనకేసుకొస్తే, ఆ మాట అతనికే కోపం తెప్పించాలి.

5. అట్టడుగు: అందరూ దాటేసే భాగం

పతనం అయింది, "పదేళ్ళ తర్వాత" అని రాసేసి చివరి యుద్ధానికి దూకేస్తారు. ఆ పదేళ్ళే అసలు కథ. మూడు వేల మాటల కథైతే నేను ఇలా పంచుతాను: పతనానికి ముందు 600, పతనం 500, అట్టడుగు 1200, పరీక్ష ఘట్టం 500, ఆ తర్వాత 200.

ఇక్కడ పనికొచ్చే ఉదాహరణ మన తీరంలోనే ఉంది. చంద్రయాన్-2 ల్యాండర్ 2019 సెప్టెంబర్ 7న చంద్రుడి మీద కూలింది. చంద్రయాన్-3 దిగింది 2023 ఆగస్టు 23న. టీవీలో మనం చూసింది ఈ రెండు రోజులే. నడుమ దాదాపు నాలుగేళ్ళు జరిగింది తప్పుల జాబితా పని. కాళ్ళు గట్టిచేశారు, ఇంధనం పెంచారు, దిగే చోటుని అర కిలోమీటరు చదరం నుంచి 4 కిలోమీటర్ల పొడవు, 2.4 కిలోమీటర్ల వెడల్పుకి పెంచారు. లేవడమంటే ఇలాంటి విసుగు పుట్టించే పని. మీ యోధుడికీ అలాంటి పని ఒకటి ఇవ్వండి.

పెంచలయ్యకి ఏ పని? అతనికి చేతకానిదే. కొత్తపట్నంలో నీటి తూము దగ్గర లష్కర్‌గా పెడదాం. మన కాలవల మీద తూములు ఎత్తి దించే లష్కర్ పనిలో నూటికి తొంభై పాళ్ళు కాచుకుని ఉండడమే. నీళ్ళు ఎప్పుడొస్తాయా, ఏ ఊరి వంతు ఎప్పుడా అని. చచ్చిపోయిన 41 మందిలో ఒకడు చేసిన ఉద్యోగమది.

ఇప్పుడు నష్టపోయినవాళ్ళని తీసుకురండి. ఎక్కువమంది ఇక్కడ పెద్ద పెద్ద డైలాగులు రాస్తారు. నాకు వచ్చిన ఒక కథలో చనిపోయినవాడి తల్లి ఇలా అంటుంది:

"నా కొడుకుని చంపిన పాపాత్ముడా! నిన్ను ఈ విశ్వం క్షమించదు!"

ఖడ్గ తిక్కన తల్లి ఉపన్యాసం మొదలుపెట్టి ఉంటే ఆ కథ మన దాకా వచ్చేది కాదేమో. విరిగిన పాలు పోసింది. అందుకే గుర్తుంది. కాబట్టి ఆ తల్లి చేత ఒక పని చేయించండి. కొత్తపట్నంలో నీళ్ళు కొలిచి పోసేది ఆవిడే అనుకుందాం. అందరికీ సోలెడు పోసి, పైన ఒక చుక్క చిలకరిస్తుంది. పెంచలయ్యకి సరిగ్గా సోలెడే. చుక్క ఎక్కువ లేదు, చుక్క తక్కువ లేదు. ఆ గురుత్వంలో జానెడు ఎత్తు నుంచి నీళ్ళు పాత్రలో పడడానికి రెండు సెకన్లు పడుతుంది. ఆ సోలెడు నిండేదాకా ఇద్దరూ ఎదురెదురుగా, మాట లేకుండా నిలబడాలి. రోజూ.

మూడో భాగంలో రాసుకున్న గురుత్వం లెక్క ఇక్కడ ఇలా పనికొచ్చింది చూడండి.

అట్టడుగు భాగానికి చెక్‌లిస్ట్:

- అతను రోజూ చేసే పని ఒకటి ఉందా? దాని వివరాలు మీకు తెలుసా?
- నష్టపోయినవాళ్ళలో కనీసం ఇద్దరికి సొంత పేరు, సొంత పని ఉన్నాయా?
- అతను క్షమాపణ అడిగి, జవాబు దొరకని సన్నివేశం ఉందా?
- కనీసం ఒక్కసారి పారిపోవాలనుకున్నాడా?
- పాత గొప్పతనాన్ని గుర్తుచేసి రెచ్చగొట్టేవాడు ఒకడున్నాడా?

6. మణి తీయడం

ఇది ఒక్క పేజీ సన్నివేశం, కానీ దీనివల్లే ముగింపు నిలబడుతుంది. ప్రతిభ అతని చేతుల్లో అలాగే ఉన్నంత కాలం పాఠకుడు "ఇంకో పోరాటంతో కడిగేసుకుంటాడు" అని ఎదురుచూస్తాడు. ఆ దారి మూసేయాలి.

అశ్వత్థామ మణిని ఓడి, వేరే దారి లేక ఇచ్చాడు. మీ యోధుడు అడగకుండానే ఇవ్వాలి. అదొక్కటే వాళ్ళిద్దరికీ తేడా. పెంచలయ్య దగ్గర కాల్పుల తాళం ఇంకా ఉంది, వెనక్కి తీసుకోవడం ఎవరికీ గుర్తులేదు. చనిపోయిన లష్కర్ కూతురు రమణమ్మ ఇప్పుడు ఊరి కాపలా చూస్తుంటుంది. తాళం ఆమె చేతిలో పెడతాడు. "ఇది నీ దగ్గరుండనీ అమ్మా. నేను అడిగినా ఇవ్వబాక."

ప్రమాదంలో చెయ్యి పోయిందనో, కళ్ళు పోయాయనో రాయకండి. అలా రాస్తే తీసుకున్నది విధి అవుతుంది, అతను ఇచ్చింది ఏమీ ఉండదు.

7. పరీక్ష ఘట్టం: అదే క్షణం మళ్ళీ రావాలి

పతనంలో ఏ పరిస్థితి ఉందో, దాదాపు అదే మళ్ళీ తెప్పించండి. రేడియో పలకని నౌక. భూమిని అడిగితే జవాబు రావడానికి రెండున్నర గంటలు. ఊరంతా వణికిపోతుంటుంది. రమణమ్మ తాళం తీసి పెంచలయ్య ముందు పెడుతుంది. "నీ అంత గురి ఎవరికీ లేదు. తీసుకో."

అతను తీసుకోడు. అలాగని చేతులు కట్టుకుని కూర్చోనివ్వకండి. ఆగడం కూడా పనేనని చూపించాలి. ఆమె పక్కన నిలబడి, నౌక దీపాలు ఎంతసేపటికోసారి వెలుగుతున్నాయో లెక్కపెట్టడం నేర్పుతాడు. ఇంజిన్ మంట రంగు చూడమంటాడు. గన్నర్ కుర్రాడి భుజం మీద చెయ్యి వేసి ఉంచుతాడు. గంట. గంటన్నర. అతని చెయ్యి వణుకుతుంటుంది, కానీ భుజం మీదే ఉంటుంది. చదివేవాడికి ఊపిరాడకూడదు. యుద్ధం రాసినంత టెన్షన్‌గా ఆగడాన్ని రాయండి.

నౌకలో ఎవరున్నారు? ఈసారీ మనవాళ్ళే ఉంటే కథ మరీ తేలికైపోతుంది, అతను ఆగింది సరైన పనేనని ఋజువు చేతికిచ్చినట్టవుతుంది. నేనైతే శత్రువులనే పెడతాను. గాలి అయిపోవస్తూ, దిక్కుతోచక వచ్చిన శత్రువులు. వాళ్ళకీ నీళ్ళు కొలిచి పోయాలి. ఆ పని ఎవరిదో మీకు తెలుసు.

8. తరచుగా చేసే తప్పులు, వాటికి మందు

యోధుడు చివర్లో చనిపోతున్నాడు: తప్పు కథలో చావు తేలికైన దారి. బతికించండి. మర్నాడు పొద్దున తూము దగ్గరికి పంపండి.

సేనాధిపతి వచ్చి క్షమించేస్తున్నాడు: అతనికి ఆ హక్కు లేదు. కొడుకులు పోయింది కొత్తపట్నంలో. ఆ పేరా కొట్టేయండి.

పేర్లు పరాయిగా ఉన్నాయి: నోరు తిరగని పేర్లు పెడితేనే అంతరిక్షం అనుకోకండి. మనవాళ్ళు ఎక్కడికి పోయినా పిలకాయలకి పెంచలయ్య, రమణమ్మ అనే పెడతారు.

అందరూ పుస్తకంలా మాట్లాడుతున్నారు: డైలాగులు మాత్రం తీసి మీ నాయనమ్మకో, మేనమామకో చదివి వినిపించండి. వాళ్ళు ఎక్కడ నవ్వితే అక్కడ మార్చండి. యాస ప్రతి మాటలో అక్కర్లేదు. "ఏంది", "యాడికి", "ఉండావు" లాంటివి అక్కడక్కడా చాలు.

యుద్ధాలు ఎక్కువయ్యాయి: ఒక్కటి ఉంచి మిగతావి తీసేయండి. తీసినా కథ నడుస్తుంటే అవి అవసరం లేనివే.

9. తిరగరాసేటప్పుడు

వారం రోజులు కథని పక్కన పెట్టండి. తర్వాత రెండు రంగుల పెన్నులు తీసుకోండి. పెంచలయ్య బాధ గురించి ఉన్న వాక్యాల కింద ఎర్ర గీత, అతని వల్ల నష్టపోయినవాళ్ళ గురించి ఉన్నవాటి కింద నీలం గీత గీయండి. ఎర్రగీతలు ఎక్కువుంటే కథ ఇంకా అతని మీద జాలితోనే ఉన్నట్టు. నీలం పెరిగేదాకా మార్చండి.

పంపే ముందు చూసుకోవాల్సినవి:

- ప్రతిభ, గాయం, చేతకాని పని ఒకే వేరు నుంచి వచ్చాయా?
- పతనానికి ముందు కనీసం రెండు చిన్న మెట్లు ఉన్నాయా?
- అట్టడుగు భాగం అన్నిటికన్నా పెద్దదేనా?
- మణి తనంతట తానే ఇచ్చాడా?
- పరీక్ష ఘట్టంలో గెలిపించింది పాత ప్రతిభా, కొత్తగా నేర్చుకున్నదా?
- క్షమించాను అన్న మాట కథలో ఎక్కడైనా ఉందా? ఉంటే తీసేసి చూడండి.

ఆఖరి 200 మాటల దగ్గర చాలామంది తడబడతారు కాబట్టి, పెంచలయ్య కథకి నేను రాసుకున్నది చెబుతాను. శత్రువులందరికీ నీళ్ళు పోయడం అయింది. చివర పెంచలయ్య వచ్చి పాత్ర పెడతాడు. ఆవిడ సోలెడు పోస్తుంది, ఎప్పట్లాగే సరిగ్గా సోలెడు. అతను పాత్ర తీసుకుని, అలవాటుగా గోడ దగ్గరికి వెళ్ళి నిలబడి తాగబోతాడు. ఆవిడ తల ఎత్తకుండా, తర్వాతి పాత్ర అందుకుంటూ అంటుంది:

"ఏంది నాయనా, ఇంకా నిలబడే ఉండావు? కూర్చో."